సుఖగణితము

పూర్వము మన యిండ్లనుండి వెడలు జాబులకు మొదటి పంక్తి యొక్కటియే. "ఉభయకుశలోపరి" అని యారంభించి, "ఇచ్చట మేమందరమును క్షేమము, అచ్చట మీరందరును క్షేమమని తలంచుచున్నాము" అని వ్రాసినగాని యెవరును విషయమునకు దిగెడివారు కారు. ఆ జాబు వ్రాయువాడు ఇంటి యజమానుడు. సిరాబుడ్డియు, కలమును, కాగితమును అతనివి. లోపల పొయ్యియొద్ద కూర్చున్న వితంతువగు చెల్లెలికి గాని, ఎనిమిదవ కాన్పునకు సిద్ధముగా నున్న భార్యకు గాని, బడి మానిపింపబడిన కూతునకు గాని కలము లేదు. అయినను "మేమందరము" అను మాటలో వారందరును చేరిపోయిరి. మీరు క్షేమముగా నున్నారా యని జాబు వ్రాసినవాడు వారి నడిగి వ్రాయలేదు. అడుగకుండుట అతని దుష్టత్వము కాదు. ఇంటిలోని వారందరి సుఖమును తానెరుగుదునని అతడు నిజముగా నమ్మియుండెను.

సుఖమనగా నేమి యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. దానికి ఋషులును, బౌద్ధులును, యవన తత్త్వవేత్తలును అనేక సమాధానములు చెప్పిరి. కాని ఎవరి సుఖము, దానిని లెక్కించు అధికారి యెవడు, లెక్కలో చేరినవారిని ఎవరైన నడిగిరా యను ప్రశ్న అంత ప్రాచీనమైనది కాదు. ఈ రెండవ ప్రశ్న పుట్టిన విధమును, దానిని పుట్టించినవారే దానినుండి తప్పించుకొనిన విధమును ఒక కుటుంబచరిత్రము నాధారముగా గొని చెప్పదలచితిమి. అది ఇంగ్లండునందలి మిల్లు కుటుంబము. వారు మనకు కేవలము పరాయివారు కారు. తండ్రియు కొడుకును ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, మన దేశమునకు బోవలసిన జాబులు వ్రాయుచు జీవితములో పెద్దభాగము గడపినవారే.

మొదట వారి గురువును గూర్చి కొంచెము చెప్పవలెను. జెరిమీ బెంథాము 1748లో లండనునందు జనించెను. ఆ కాలపు ఇంగ్లండులో చిన్న దొంగతనములకును ఉరిశిక్ష గలదు. చట్టములు చిక్కుపడిన నూలువలె నుండెను. ఈ చట్టమిట్లేల యున్నదని యడిగినవారికి, పెద్దలట్లు ఏర్పరచిరనుటయే సమాధానము. బెంథాము ఆ సమాధానము నంగీకరింపలేదు. ఏ చట్టమైనను, ఏ యాచారమైనను మంచిదో చెడ్డదో తెలియుటకు కొలత యొక్కటే యనియు, అత్యధిక సంఖ్యాకులకు అత్యధిక సుఖము కలుగుటయే యా కొలత యనియు అతడు బోధించెను. 1789లో ప్రకటించిన గ్రంథమునందు అతడు సుఖదుఃఖములను కొలుచుటకు ఏడు ప్రమాణములను జెప్పెను. సుఖమెంత తీవ్రమైనది, ఎంతకాలముండును, ఎంత నిశ్చయము, ఎంత సమీపమున నున్నది, మరికొన్ని సుఖములను పుట్టించునా, దుఃఖముతో కలిసి వచ్చునా, ఎందరికి వ్యాపించును, అనునవియే యా యేడు.

ఈ పద్ధతిని జూచి నవ్వినవారు పెక్కండ్రు. సుఖమును బియ్యమువలె సోలతో కొలువవచ్చునా యని వారి యాక్షేపణ. కాని చదువరులు ఏడవ ప్రమాణమును మరల చూడవలెను. ఎందరికి వ్యాపించునని యడిగినప్పుడు ప్రభువు ఒక్కడే, కూలివాడును ఒక్కడే. ప్రభువు సుఖమునకు పెద్ద తూనికరాయి, కూలివాని సుఖమునకు చిన్న తూనికరాయి లేవు. ఒకే నేరమునకు కులమునుబట్టి వేరు వేరు శిక్షలు విధించిన స్మృతులను జదివిన మనకు ఈ మాటయందలి బలము చక్కగా తెలియును. లెక్క మోటైనదే కావచ్చును. కాని లెక్కలోనికి అందరిని పిలిచిన గౌరవము బెంథామునకు దక్కవలసినదే.

బెంథాము ముఖ్యశిష్యుడు జేమ్సు మిల్లు. అతడు 1773లో స్కాట్లండునందు చెప్పులు కుట్టువాని కుమారుడై పుట్టి, విద్యాబలముచే లండను చేరి, రచనలచే జీవించెను. అతని పెద్దకుమారుడు జాన్ స్టువర్టు మిల్లు 1806లో జన్మించెను. గురువును శిష్యుడును గూడి యీ బాలుని తమ సిద్ధాంతమునకు సజీవోదాహరణముగా జేయ నిశ్చయించిరి. బాలునికి మూడవయేట గ్రీకు, ఎనిమిదవయేట లాటిను, పండ్రెండవయేట తర్కము, పదమూడవయేట అర్థశాస్త్రము నేర్పిరి. బడి లేదు, తోడిబాలురు లేరు, పని చేయు నలవాటు చెడునని సెలవులును లేవు. తండ్రి బల్లకు ఒకప్రక్క కూర్చుండి హిందూదేశచరిత్రము వ్రాయుచుండగా, కొడుకు అదే బల్లకు మరియొకప్రక్క కూర్చుండి గ్రీకు చదువుచుండెడివాడు. గ్రీకునకు ఇంగ్లీషులో అర్థము చెప్పు నిఘంటువు ఆనాడు లేనందున తెలియని ప్రతిమాటకును తండ్రినే యడుగవలసివచ్చెడిది. ఓర్పు తక్కువైన యా తండ్రి ఆ యడ్డంకుల నడుమనే చరిత్రమును ముగించెను.

ఆ బల్లమీద వ్రాయబడుచున్నది మన చరిత్రము. 1817లో వెలువడిన యా గ్రంథమును వ్రాసినవాడు మన దేశమున నడుగుపెట్టలేదు. మన భాషలలో నొక్కటియు నెరుగడు. అది లోపము కాదనియు, దేశములో జీవితమంతయు గడపినవానికంటె ఇంగ్లండులో కూర్చుండి కాగితములు చదివినవాడే యెక్కువ యెరుగగలడనియు అతడు పీఠికలో వాదించెను. ఆ గ్రంథమే కారణముగా అతనికి 1819లో కంపెనీ కొలువు లభించెను. ఈ వాదమును చదువరులు మనస్సునం దుంచుకొనవలెను. దీనితో మనకు మరల పని కలదు.

ఆ యింటిలో మరియొకరు గలరు. ఆమె బాలుని తల్లి. తొమ్మండ్రు బిడ్డలను గని పెంచినది. మానవజాతి యంతటి సుఖమును లెక్కించు చర్చలు ఆ యింటిలో పగలును రాత్రియు జరుగుచుండగా, అందరికి వేళకు భోజనము పెట్టినది. జాన్ మిల్లు పెద్దవాడై వ్రాసిన స్వీయచరిత్రమునందు తండ్రిని గూర్చి ప్రకరణములే గలవు. తల్లి ప్రసక్తి దాదాపుగా లేదు. అత్యధిక సంఖ్యాకుల సుఖమునకై పాటుపడిన యింటిలో ఆమె యే సంఖ్యలోనికిని వచ్చినట్లు కానరాదు.

జాన్ మిల్లు పదునేనవయేట బెంథాము సిద్ధాంతములను ఫ్రెంచిభాషలో జదివెను. అప్పటినుండి లోకమును సంస్కరించుటయే తన జీవితపరమార్థమని నిశ్చయించుకొనెను. పదునేడు నిండగానే, 1823లో, తండ్రి క్రింద కంపెనీ కొలువులో చేరెను. ఉదయమున కొలువు, సాయంకాలమున చర్చాసభలు, రాత్రి పత్రికలకు వ్యాసములు. ఇవి చాలనట్లు బెంథాము వ్రాతప్రతులను పరిష్కరించి యైదు సంపుటములుగా అచ్చునకు సిద్ధపరచు పని. తనవంటి సుఖి లేడని అతడు తలంచియుండెను. సుఖమునకు సాధనము కోరికయు, కోరినదానివైపు పురోగమనమును అయినచో, ఆ రెండును అతనికి సమృద్ధిగా గలవు.

1826వ సంవత్సరము శరత్కాలమున, ఇరువదవయేట, మనస్సు మందముగా నున్న యొకనాడు అతడు తన్ను దా నొక ప్రశ్న యడిగికొనెను. తాను కోరుచున్న సంస్కారములన్నియు ఈ క్షణమున నెరవేరి, చట్టములును జనుల యభిప్రాయములును తాననుకొనినట్లే మారిపోయినచో, తనకు గొప్ప సంతోషము కలుగునా? కలుగదని అతని యంతరంగము స్పష్టముగా జెప్పెను. ఆనాటినుండి అతనికి చేయుటకు పని మిగిలెను గాని బ్రతుకుటకు హేతువు మిగులలేదు.

సంస్కారాభిలాషులగు మన చదువరులలో ఈ ప్రశ్నను తమ్ము దా మడిగికొనిన వారెందరో మే మెరుగము. సభలలో ఉపన్యసించి, పత్రికలకు వ్రాసి, అలసి యింటికి వచ్చిన రాత్రి ఈ ప్రశ్న తలుపు తట్టుట సహజము. మిల్లు దానిని దాచక వ్రాసియుంచుట అతడు లోకమునకు జేసిన మేలులలో నొకటి.

నిద్రించి లేచిన పోవునేమో యనుకొనెను, పోలేదు. ప్రియమైన గ్రంథములను దీసెను, అవి రుచింపలేదు. మనస్సును విప్పి చెప్పుకొందమన్న స్నేహితులలో నంతటి యాత్మీయుడు కానరాలేదు. తండ్రితో చెప్పుట యసాధ్యము. ఆ శిక్షణమును ఏర్పరచినవాడు తండ్రి. అది విఫలమైనదని చెప్పి యతనికి బాధ కలిగించుట తప్ప ప్రయోజనము లేదు. సంగీతము మాత్రము కొంత యూరట నిచ్చెను. కాని స్వరములు కొన్నియే గదా, వాని కలయికలకును ఒక మేర యుండును గదా, కొత్త రాగము లన్నియు నొకనాటికి అయిపోవునేమో యని దానిలోను బెంగ పుట్టెను. చూడుడు, లెక్కలతో బెరిగిన మనస్సు తన దుఃఖములోను లెక్కయే వేయుచున్నది! కొలువునకు బోవుట మానలేదు; చర్చాసభలలో మాటలాడుట మానలేదు. యంత్రము తిరుగుచున్నట్లు అన్నియు జరిగినవి. ఇట్లు ఒక్క యేడాదికంటె నెక్కువ కాలము బ్రతుకజాలనని అతడు తలంచెను.

సుమారు ఆరునెలలు గడచిన పిమ్మట మార్మొంటెలను ఫ్రెంచి రచయిత జ్ఞాపకములు అతని చేతికి వచ్చెను. అందు మార్మొంటెలు తన తండ్రి మరణించిన దినమును వర్ణించెను. ఇంటివారందరును దిక్కులేక యేడ్చుచుండగా, చిన్నవాడైన తాను, ఇకమీదట తానే వారికన్నియు నగుదునని నిశ్చయించుకొని వారికి ధైర్యము కలిగించిన ఘట్టమది. ఆ పుటను జదువుచుండగా మిల్లు కన్నుల నీరు కారెను. తాను రాయి కాలేదని, తనలో హృదయమింకను గలదని అతనికి తెలిసినది. ఆనాటినుండి బరువు కొంచెము కొంచెముగా దిగసాగెను.

ఆ పుటలో ఏమున్నదని మనము విచారింపవలసియున్నది. అందు మానవజాతి లేదు. అత్యధిక సంఖ్యయు లేదు. ఒక యిల్లు గలదు. భర్తను గోల్పోయిన తల్లియు, చిన్నపిల్లలును గలరు. వారి ముఖములను జూచుచున్న కుమారుడు గలడు. మిల్లు తాను తొమ్మండ్రలో పెద్దవాడు. కాని తమ్ములకును చెల్లెండ్రకును అతడు పాఠము లొప్పజెప్పించుకొను ఉపాధ్యాయుడే గాని అన్నగా నుండుట కవకాశము దొరకినవాడు కాడు. లోకమునందలి వారందరి సుఖమును కోరి, ఒక్కరి కన్నీటి నైనను దగ్గరనుండి చూడని మనస్సునకు ఆహారము దొరకక అది యెండిపోయినదని మా యభిప్రాయము. మార్మొంటెలు పుట దానికి తొలివాన.

ఈ యనుభవమునుండి మిల్లు రెండు పాఠములను నేర్చుకొనెను. సుఖమును సూటిగా గురిపెట్టి వెదకువానికి అది దొరకదనునది మొదటిది. ఇతరుల మేలో, ఒక విద్యయో, ఒక కళయో, మరియొక లక్ష్యమునందు మనస్సు లగ్నమైయున్నవానికి అది దారిలో దొరకును. నిద్రను జూడుడు. ఎప్పుడు వచ్చునాయని కన్నులు మూసికొని కనిపెట్టుకొనియున్నవానికి అది రాదు. పగలంతయు పనిచేసి మేను వాల్చినవానికి పిలువకయే వచ్చును. రెండవది, బుద్ధితోపాటు భావములకును పోషణము కావలెననునది. 1828లో అతడు వర్డ్సువర్తు కవిత్వమును జదివి, కొండలను చెట్లను జూచి పొందు ప్రశాంతసుఖము ఏ సంస్కారమునకును విరోధి కాదని గ్రహించెను.

ఇచ్చట నొక యపార్థమును తొలగింపవలెను. సుఖమును వెదకవలదన్న మాటను మన దేశములో దుర్వినియోగము చేసినవారు కలరు. ఆకలిగొన్నవానికి సంతృప్తిని, దెబ్బలు తినుచున్న భార్యకు సహనమును, తల గొరిగింపబడిన బాలవితంతువునకు వైరాగ్యమును బోధించి, సుఖము మనస్సులోనే యున్నదని చెప్పి తృప్తిపడినవారు వారు. మిల్లు చెప్పినది ఇది కాదు. ఒక చట్టమును, ఒక యాచారమును పరీక్షించునప్పుడు జనుల సుఖదుఃఖములే కొలత యను సిద్ధాంతమును అతడు జీవితాంతము విడువలేదు. 1861లో అచ్చైన వ్యాసములలో దానినే సమర్థించి, సుఖములలో ఎక్కువ తక్కువలే గాక ఉత్తమాధమ భేదములును గలవని చేర్చెను. పరుల దుఃఖమును తొలగించునప్పుడు లెక్క కావలెను. తన సుఖమును గూర్చి మాత్రము లెక్క మానవలెను. ఇదియే అతని బోధ సారము. మనము తరచుగా దీనిని తారుమారు చేసి, మన సుఖమునకు లెక్కయు, పరులకు వేదాంతమును ఇచ్చుచుందుము.

1830లో మిల్లునకు హారియెట్టు టెయిలరను విదుషీమణితో పరిచయమయ్యెను. ఆమె వివాహిత; బిడ్డల తల్లి. వారి స్నేహమును గూర్చి లోకము చాల నిందలు పలికెను. ఆమె భర్త 1849లో మరణించిన పిమ్మట, 1851లో, వారు వివాహమాడిరి. ఆనాటి ఇంగ్లండు చట్టము ప్రకారము వివాహమైన స్త్రీయొక్క సొత్తును, ఆర్జనమును భర్త యధీనములోనికి పోవును. బిడ్డలపై హక్కును అతనిదే. వివాహమునకు ముందు, మార్చి 6వ తేదీన, మిల్లు ఒక కాగితమును వ్రాసి సంతకము చేసెను. చట్టము భర్తకిచ్చు నట్టి యధికారములను తా నంగీకరింపననియు, వానిని ఎన్నడును వినియోగింపననియు, వివాహము కాకున్న ఆమెకు ఎంత స్వాతంత్ర్య ముండునో అంతయు నుండుననియు అందు ప్రకటించెను. న్యాయస్థానములో ఆ కాగితమునకు విలువ లేదు. కాని భార్య సుఖమును తాను లెక్కింపక, ఆమె లెక్కను ఆమెకే విడిచిన భర్త వ్రాసిన పత్రముగా దానికి చరిత్రలో విలువ గలదు.

1858లో ఆమె ఫ్రాన్సునందలి అవిన్యోను పట్టణమున మరణించెను. అతడు ఆ శ్మశానమునకు సమీపమున ఇల్లు కొని, సంవత్సరములో కొంతభాగ మచ్చట గడపుచు, 1873లో అచ్చటనే మృతినొందెను. ఆ నడుమ పార్లమెంటు సభ్యుడై, 1866లో సుమారు 1,500 మంది స్త్రీలు చేవ్రాళ్లు చేసిన వోటుహక్కు విజ్ఞప్తిని సభకు సమర్పించెను. 1867లో చట్టమునందలి "పురుషుడు" అను మాటకు మారుగా "వ్యక్తి" అను మాట నుంచవలెనని ప్రతిపాదించెను. అనుకూలముగా 73, ప్రతికూలముగా 196 వోట్లు వచ్చినవి. ఇంగ్లండులో స్త్రీలకు పురుషులతో సమానమైన వోటుహక్కు 1928లో గాని రాలేదు. స్త్రీల పారతంత్ర్యమును గూర్చి అతడు 1869లో ప్రకటించిన గ్రంథములో ఒక మాట మన విషయమునకు ముఖ్యమైనది. స్త్రీల స్వభావమును, వారి సుఖమును పురుషులు తా మెరుగుదుమనుకొనుట భ్రమ యనియు, స్త్రీలు తమకు దాముగా చెప్పువరకు ఆ జ్ఞానము అసంపూర్ణమనియు అతడు వాదించెను. "మేమందరము క్షేమము" అని వ్రాయు యజమానునికి ఇంతకంటె సూటియైన సమాధానము వేరొకటి లేదు.

ఇంతటివాడును రెండుచోట్ల తన లెక్కను తానే తప్పెను. మొదటిది ఇంటిలో. వివాహానంతరము తన తల్లియు చెల్లెండ్రును హారియెట్టునకు తగిన గౌరవము చూపలేదని కోపించి, అతడు వారితో కఠినముగా వ్యవహరించి దూరమయ్యెను. తల్లి 1854లో మరణించెను. తండ్రి బల్లయొద్ద లెక్కకు రాని యామె, స్త్రీజాతి స్వాతంత్ర్యమునకై వాదించిన కుమారుని లెక్కలోను చక్కగా చేరలేదు.

రెండవది మన విషయమున. ముప్పదియైదేండ్లు అతడు కంపెనీ కొలువులో నుండి, ముఖ్యముగా దేశీయసంస్థానములకు సంబంధించిన జాబులను చిత్తుప్రతులుగా వ్రాసెను. అతడును తండ్రివలె మన దేశమును చూడలేదు. 1859లో స్వాతంత్ర్యమును గూర్చి వ్రాసిన సుప్రసిద్ధ గ్రంథమునందే, నాగరకతలో వెనుకబడిన జాతులకు ఆ సూత్రము వర్తింపదనియు, వారి మేలే యుద్దేశమైనచో నిరంకుశపాలనము న్యాయమే యనియు వ్రాసెను. మేలని యెవరు నిర్ణయింపవలెను? స్త్రీల విషయమున వారి నడుగవలె నన్నవాడు, ఇరువదికోట్ల జనుల విషయమున అడుగ నక్కరలేదనెను. దేశమును చూడకుండుటయే మేలని వాదించిన తండ్రి పీఠిక కొడుకు కలములో నింకను పని చేయుచునే యుండెను. కంపెనీ జాబులును మన పాత జాబుల వంటివే. లండనునందు కూర్చున్న యజమానుడు "మీరందరును క్షేమము" అని వ్రాసెను.

మనము క్షేమముగా నున్నామా? మిల్లు ఆ కొలువులో నుండగానే, నందన సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమలో భయంకరమైన కరువు వచ్చెను. డొక్కల కరువని జనులు దానిని పిలిచిరి. ఆ సీమలో లక్షకు మించిన జనము మరణించిరి. ఇది మిల్లు చేతిలోని శాఖ కాదు. అతని నిందించుట న్యాయము కాదు. కాని అత్యధిక సుఖసిద్ధాంతము చదివినవారు పనిచేయు భవనమునకు కృష్ణాతీరపు ఆకలి లెక్కలు ఆలస్యముగా చేరినవి. ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట కట్టుట 1847లో గాని యారంభము కాలేదు. 1852లో అది ముగిసెను. ఆకలిగొన్నవాడు తన మాటను తాను చెప్పుకొను సభ దేశములో నుండినచో అంత యాలస్యము జరిగియుండునా యని యడుగుటకు మనకు హక్కు గలదు.

ఇక మన తెలుగుదేశపు సంస్కర్తల యింటిలోనికి వత్తము. మిల్లు మరణించిన యెనిమిదేండ్లకు, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆ కథ చదువరులందరు నెరిగినదే. ఊరివారు వెలివేసిరి, వంటవారును, నీళ్లు తెచ్చువారును మానివేసిరి. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసితెచ్చి, వచ్చినవారికందరికి వండి వడ్డించిరి. ఆమె పడిన శ్రమను పంతులుగారు తమ స్వీయచరిత్రములో మరువక వ్రాసిరి. మిల్లు స్వీయచరిత్రములో తల్లికి దొరకని చోటు ఈ స్వీయచరిత్రములో భార్యకు దొరకినది. సంస్కారము సభలో ఎంత గట్టిగా నున్నదని కాక, వంటయింటిని ఎంతవరకు చూడగలదని పరీక్షించిన, మన గ్రంథము ఆ ప్రసిద్ధగ్రంథమునకు తీసిపోదు.

ఆ బిందెలు మోయునప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు సుఖముగా నుండిరా? బెంథాము ప్రమాణములలో ఆ దినమును తూచినచో దుఃఖమువైపే త్రాసు మొగ్గును. శరీరశ్రమ, బంధువుల తిరస్కారము, ఊరి యెత్తిపొడుపులు. ఎదుటి తట్టలో, జీవితము ముగిసినదని లోకము చెప్పిన యొక బాలికకు మరల పసుపుకుంకుమలు. ఆమె భర్తను విడువలేదు, పనిని విడువలేదు. 1910లో కన్నుమూయువరకు అనాథలగు స్త్రీలను తన బిడ్డలుగా జూచుకొనెను. మిల్లు ఆరునెలల చీకటిలో వెదకి నేర్చుకొనిన పాఠమును ఆమె ఏ గ్రంథమును జదువక ఆచరించెనని చెప్పవచ్చును. అయినను ఆమె సుఖమును గూర్చి మేము తీర్పు చెప్పబోము. చెప్పినచో మేమును "మేమందరము" అని వ్రాసిన యజమానునివలె నగుదుము. ఆమె తన మాటగా వ్రాసిన పుట యొకటి మనకుండిన నెంత బాగుండెడిది!

2012లో ఐక్యరాజ్యసమితి మార్చి 20వ తేదీని ఆనందదినముగా ప్రకటించెను. ఆ యేటినుండియే దేశములవారీగా జనుల సుఖమును అంకెలలో జూపు నివేదికలును వెలువడుచున్నవి. బెంథాము బ్రతికియున్న మిక్కిలి సంతోషించును. ఆ నివేదికలలో ఒక మెచ్చదగిన గుణము గలదు: లెక్కించువాడు ఊహించి వ్రాయుట గాక, మీ జీవితము మీకెట్లున్నదని జనులనే యడుగుచున్నారు. రెండువందల యేండ్లలో సుఖగణితము నేర్చుకొనిన విశేషమిది. కాని ప్రశ్న యడుగువాడు వీథిగుమ్మము కడకు వచ్చునప్పుడు లోపలినుండి ఎవరు వచ్చి సమాధానము చెప్పుదురో, ఎవరి సమాధానమును మరియొకరు చెప్పుదురో, అది యింకను మన యిండ్ల చేతిలోనే యున్నది.

జాబులు వ్రాయు కాలము గడచినది. ఇప్పుడు క్షణములో క్షేమసమాచారము దేశాంతరమునకు పోవుచున్నది. అయినను "అందరము బాగున్నాము" అను మాట మారలేదు. దానిని చెప్పువాడును చాల యిండ్లలో మారలేదు. ఈ మాసము మీ యింటినుండి ఎవరికైన క్షేమసమాచారము పంపునప్పుడు, పంపుటకు ముందు ఒక్కసారి లోపలికి పోయి, పొయ్యియొద్ద నున్నవారిని, మంచమున నున్న ముసలితల్లిని, పుస్తకము మూసి కూర్చున్న కూతును, పాత్రలు తోము పనిమనిషిని వేరు వేరుగా నడిగి చూడుడు. వెంటనే సమాధానము రాకపోవచ్చును. ఇంతకాలమునకు అడిగినందుకు ఆశ్చర్యపడి నవ్వవచ్చును, ఏడ్వవచ్చును. వచ్చినదానిని వచ్చినట్లు వినుడు. సుఖమనగా నేమో ఆ యింటికి సంబంధించినంతవరకు ఆ సాయంకాలమునుండి తెలియనారంభించును.